గిటార్ నేర్చుకునేవారి చేతులు: ఇంట్లోవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

(ఓపీ హాలులో రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)

టోకెన్ నంబరు పిలిచేదాకా మీరు ఎలాగూ ఇక్కడ కూర్చోవాలి కాబట్టి, ఆ కాస్త సమయంలో పనికొచ్చే విషయం ఒకటి చెప్పుకుందామని వచ్చాను. పోయిన నెల ఇదే హాలులో బీపీ మాత్రల గురించి మాట్లాడుకున్నాం. ఈ రోజు విషయం గిటార్. వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. ఆస్పత్రికీ గిటార్‌కీ ఏమిటి సంబంధం అని మీకు అనిపించడం సహజమే.

సంబంధం ఉంది. ప్రతి ఏడాది క్రిస్మస్ ముగిశాక, జనవరి నెలలో, మా ఎముకల ఓపీకీ ఫిజియోథెరపీ గదికీ ఎడమ చెయ్యి పట్టుకుని వచ్చే పిల్లలు కొందరుంటారు. డిసెంబరులో క్వయర్‌లో వాయించాలని అక్టోబరులో గిటార్ కొంటారు. రెండు నెలల్లో అన్నీ వచ్చేయాలి. వాళ్ల వెంట వచ్చే అమ్మానాన్నలను చూస్తుంటాను. కొందరు “నొప్పి ఉంటేనే విద్య వస్తుంది, ఇంకో గంట ఎక్కువ వాయించు” అంటారు. కొందరు “ఆ చెక్కముక్కను అటక మీద పడేస్తే అదే తగ్గుతుంది” అంటారు. ఈ రెండు మాటలూ ఆ చేతికి మంచివి కావు. నేను నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టల్ క్వయర్‌లో గిటార్ పట్టుకున్నాను. ఇప్పటికీ ఆదివారాలు వాయిస్తాను, గొప్పగా కాదు గానీ పాట ఆగకుండా. కాబట్టి ఈ నొప్పి నాకు రెండు వైపుల నుంచీ తెలుసు.

గిటార్ గురించి తెలియని పెద్దవారి కోసం రెండు మాటలు. దానికి ఆరు తీగలు. మెడ మీద అడ్డంగా లోహపు కడ్డీలు ఉంటాయి, వాటిని ఫ్రెట్లు అంటారు. ఎడమ చేతి వేళ్లతో కొన్ని తీగలను ఒకేసారి నొక్కి, కుడి చేత్తో మీటితే మూడు నాలుగు స్వరాలు కలిసి మోగుతాయి. దాన్నే కార్డు అంటారు. మొదట్లో నేర్పేవి జి, సి, డి, ఇ మైనర్. ఇవి రెండు మూడు వేళ్లతో అయ్యే పని. మిగతా తీగలు నొక్కకుండానే మోగుతాయి. నెల రోజుల్లో పిల్లవాడు రెండు పాటలు వాయిస్తాడు, ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా వినిపిస్తారు. ఆ తర్వాత సి శ్రుతిలో ఒక పాట ఇస్తే అందులో ఎఫ్ వస్తుంది. డి శ్రుతిలో ఇస్తే బి మైనర్ వస్తుంది. అక్కడ బండి ఆగిపోతుంది.

ఎఫ్ కార్డులో చూపుడు వేలు మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి. దీన్ని బార్ అంటారు. అన్నిటికంటే సన్నని తీగను ఒకటోదిగా లెక్కపెడితే, మధ్య వేలు మూడో తీగ మీద రెండో ఫ్రెట్‌లో ఉండాలి. ఉంగరం వేలు ఐదో తీగ మీద, చిటికెన వేలు నాలుగో తీగ మీద, రెండూ మూడో ఫ్రెట్‌లో ఉండాలి. మొదటి రోజు చెక్క మీద కొట్టినట్లు టక్ టక్ మనే చప్పుడు తప్ప స్వరం రాదు. అప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా నొక్కుతాడు. బొటనవేలితో వెనుక నుంచి, చూపుడు వేలితో ముందు నుంచి పట్టుకారుతో పట్టినట్లు బిగిస్తాడు. మేము చూసే నొప్పులలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

ఎందుకో మీ చేతితోనే చూపిస్తాను. కుడి చేత్తో మీ ఎడమ ముంజేతిని, అంటే మోచేతికీ మణికట్టుకీ మధ్య భాగాన్ని పట్టుకోండి. ఇప్పుడు ఎడమ చేతి వేళ్లు ముడవండి, తెరవండి. లోపల కదులుతున్నది తెలుస్తోందా? వేళ్లలో వాటిని ముడిచే కండరాలు లేవు. ఆ కండరాలు ముంజేతిలోనూ అరచేతిలోనూ ఉన్నాయి. తోలుబొమ్మను ఆడించేవాడు తెర వెనుక ఉన్నట్లే. కండరం నుంచి వేలి ఎముక దాకా తాళ్లలాంటివి వస్తాయి. మనవాళ్లు వాటిని కూడా నరాలు అనేస్తారు గానీ అవి నరాలు కావు, టెండాన్లు. వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్లు, వాటితోపాటు అసలైన నరం ఒకటి, మణికట్టు దగ్గర ఒకే ఇరుకు దారి గుండా వెళ్తాయి. మణికట్టు తిన్నగా ఉంటే ఆ దారి కాస్త తెరుచుకుని ఉంటుంది. మణికట్టు బాగా వంచి, వేళ్లు బిగించి గంటలు గంటలు ఉంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. టెండాన్లు రాసుకుని వాస్తాయి. వాటి పక్కనున్న నరం నలుగుతుంది.

ఇంకొకటి. మీ ఒడిలో ఉన్న ఫైలు మీద అరచెయ్యి బోర్లా పెట్టండి. మధ్య వేలు ఒక్కటే లోపలికి మడిచి, మిగతా వేళ్లు చాపి ఉంచండి. ఇప్పుడు ఉంగరం వేలును పైకెత్తండి చూద్దాం. రావడం లేదు కదూ? కొందరికి కొంచెం లేస్తుంది, అంతే. చేతి వెనుక భాగంలో ఈ వేళ్ల టెండాన్లను ఒకదానితో ఒకటి కలిపే కట్లు ఉంటాయి. ఒకటి కట్టుబడితే పక్కది స్వేచ్ఛగా కదలదు. మీ పిల్లవాడు ఉంగరం వేలు, చిటికెన వేలు చెప్పిన చోటికి పంపలేక తంటాలు పడుతుంటే “వీడికి సంగీతం రాదు” అనకండి. దేవుడు అందరి చేతులూ అలాగే చేశాడు. ఆ వేళ్లు విడివిడిగా పనిచేయడం నేర్చుకోవాలి. నేర్చుకునేది మెదడు, కాబట్టి దానికి సమయం పడుతుంది.

మరి గట్టిగా నొక్కకుండా స్వరం ఎలా వస్తుంది? ఇది మీ పిల్లలకు చెప్పండి, లేదా ఇంటికి వెళ్లి ఈ పేజీ వాళ్ల చేతికివ్వండి.

ఎఫ్‌లో చూపుడు వేలు ఆరు తీగల మీద ఉన్నా, అది నిజంగా మోగించవలసినవి మూడే: ఒకటి, రెండు, ఆరు. మధ్యలోని మూడు తీగలను మిగతా వేళ్లు నొక్కేశాయి. ఈ ఒక్క సంగతి తెలియక పిల్లలు వేలి మొత్తాన్నీ సమానంగా అదిమి అలసిపోతారు. వేలి లోపలి వైపు మెత్తగా ఉంటుంది, కణుపుల దగ్గర గుంటలు ఉంటాయి. ఆ గుంటలో తీగ పడితే ఎంత నొక్కినా మోగదు. అందుకని వేలును బొటనవేలి వైపుకు కొద్దిగా దొర్లించి, ఎముక తగిలే పక్క అంచును తీగల మీద ఆనించాలి. ఫ్రెట్‌కు దగ్గరగా, దాదాపు ఆనుకున్నట్లు పెట్టాలి. దూరం జరిగే కొద్దీ ఎక్కువ బలం కావాలి. బొటనవేలు మెడ వెనుక మధ్యలో, చూపుడు, మధ్య వేళ్లకు ఎదురుగా తేలికగా ఉంటే చాలు. నొక్కే బలం బొటనవేలి పట్టులోంచి కాదు, భుజం నుంచి చేతి మొత్తాన్ని కొద్దిగా వెనక్కు లాగడంలోంచి రావాలి. బావిలో చేద లాగేటప్పుడు వేళ్లతో కాక ఒళ్లంతా కలిపి లాగుతాం చూడండి, అలాగన్నమాట.

అన్నిటికంటే ముఖ్యం, ఎఫ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టకూడదు. తీగ చివరి కట్టుకు అది చాలా దగ్గర, అందుకే అక్కడ తీగ బిర్రుగా ఉంటుంది, ఫ్రెట్ల మధ్య దూరమూ ఎక్కువే. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పట్టుకుంటే ఎ మేజర్ కార్డు అవుతుంది, చేతికి చాలా సులువు. అక్కడ శుభ్రంగా మోగాక నాలుగుకు, మూడుకు, రెండుకు దిగుతూ రావాలి. రోజుకొక ఫ్రెట్ దిగాలని లేదు, వారానికొకటి దిగినా తొందరేమీ లేదు.

అందాకా పాట ఆపక్కర్లేదు. చిన్న ఎఫ్ అని ఉంది, చూపుడు వేలు చివరి రెండు సన్న తీగలనే నొక్కుతుంది, నాలుగు తీగలే మోగిస్తారు. క్యాపో అనే క్లిప్పు ఉంది, దాన్ని మెడకు బిగించి సులువైన కార్డులతోనే వేరే శ్రుతిలో వాయించవచ్చు. క్యాపో వాడితే చేతకానితనం అనే మాస్టార్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. కీబోర్డు తమ్ముళ్లకు శ్రుతి మార్చే బటన్ ఉంటే ఎవరూ ఏమీ అనరు కదా.

ఇప్పుడు ఒక అబ్బాయి సంగతి చెప్తాను. ఇంటర్ రెండో సంవత్సరం. ఒక జనవరిలో వాళ్లమ్మ అతన్ని తీసుకొచ్చింది. రాత్రి రెండు మూడు గంటలకు ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి లేచి కూర్చుంటున్నాడట, చెయ్యి విదిలించుకుంటున్నాడట. ఆ తల్లి పెదనాన్నకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. బిడ్డకు అదే వస్తోందని ఆమె ఏడుస్తోంది. తండ్రి బయట నిలబడి, మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఈ గిటార్ ఏమిటి, అమ్మేస్తాను అంటున్నాడు. ఆ అబ్బాయి మాత్రం నోరు మెదపడం లేదు. నేను పక్కకు తీసుకెళ్లి అడిగితే అప్పుడు చెప్పాడు, “సిస్టర్, నాకు నొప్పి సంగతి నవంబరు నుంచే తెలుసు. చెప్తే గిటార్ తీసేసుకుంటారని చెప్పలేదు.”

డాక్టరు గారు మొదట అడిగింది, ఏ వేళ్లు తిమ్మిరి అని. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో సగం. చిటికెన వేలికి ఏమీ లేదు. అది మణికట్టు దగ్గర ఆ ఇరుకు దారిలో వెళ్లే నరం నలిగిందనడానికి గుర్తు. కార్పల్ టన్నెల్ అంటారు. ఈ వయసులో మామూలుగా ఎక్కువ చూడం. పక్షవాతం కాదని తెలిసి ఆ తల్లి కుర్చీలో కూలబడిపోయింది. మర్నాడు గిటార్ తెమ్మన్నాం. ఎలా వాయిస్తావో చూపించమంటే అతను చాప మీద బాసిపట్టు వేసి కూర్చున్నాడు, గిటార్ మెడ మోకాలి కిందికి వాలిపోయింది, మణికట్టు కొక్కెంలా వంగింది. అలా రోజుకు మూడు గంటలు. తీగలు మెడకు చాలా ఎత్తులో ఉన్నాయి.

రాత్రిపూట మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ ఇచ్చారు. బార్ కార్డులు కొన్ని వారాలు పూర్తిగా మానిపించారు. మామూలు కార్డులు పది నిమిషాలు వాయించవచ్చు అన్నారు. కుర్చీలో కూర్చోవడం, భుజానికి పట్టీ వేసుకుని గిటార్ మెడ పైకి ఎత్తి ఉంచడం ఫిజియోథెరపిస్టు నేర్పారు. తిమ్మిరి తగ్గింది. పరీక్షలు రాశాడు. ఈస్టర్‌కు క్వయర్‌లో క్యాపో పెట్టుకుని వాయించాడు. ఇందులో నాకు గుర్తుండిపోయింది తిమ్మిరి కాదు, రెండు నెలలు ఆ పిల్లవాడు నోరు మూసుకున్నాడన్న సంగతి. నొప్పి అని చెప్తే వస్తువు పోతుందని తెలిసిన పిల్లలు నొప్పిని దాచుకుంటారు. నరం ఎక్కువ కాలం నలిగితే బొటనవేలి మొదట్లో ఉన్న కండ కరిగిపోతుంది, అది మళ్లీ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కాబట్టి ఇంట్లో “నొప్పి ఉంటే చెప్పు, గిటార్ తీసుకోం” అని ముందే మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.

అన్ని నొప్పులకూ పరిగెత్తుకు రావలసిన పని లేదు. వేలి కొనల చర్మం మండటం మామూలే. మొదటి రెండు మూడు వారాలు ఉంటుంది, తర్వాత చర్మం గట్టిపడి కాయలు కాస్తుంది. రైతు అరచేతిలో కాయలు కాసినట్లే. ఆ గట్టి చర్మాన్ని గిల్లకూడదు, బ్లేడుతో గీయకూడదు. స్నానం చేసిన వెంటనే చర్మం నాని ఉంటుంది కాబట్టి అప్పుడు వాయించకూడదు. నీటిబొబ్బ వస్తే పిన్నుతో పొడవకండి, రెండు రోజులు ఆపితే అదే అణుగుతుంది. ఎడమ చేతి గోళ్లు పొట్టిగా కత్తిరించండి, గోరు అడ్డం వస్తే వేలు వంకరగా నొక్కుతుంది. ముంజేతిలో, బొటనవేలి కింది కండలో వాయించాక కాస్త అలసట ఉండి, తెల్లారేసరికి పోతే భయం లేదు.

చూపించవలసినవి ఇవి. తిమ్మిరి, మొద్దుబారడం, ముఖ్యంగా రాత్రిళ్లు. మణికట్టులో బొటనవేలి వైపు సూదితో గుచ్చినట్లు నొప్పి, పాలగిన్నె ఎత్తినా వచ్చేది. వేలు ముడిచాక టక్కున పట్టేసి, రెండో చేత్తో లాగితే గానీ తెరుచుకోకపోవడం. వస్తువులు చేతిలోంచి జారిపోవడం. మర్నాటికీ తగ్గని నొప్పి. వీటిలో ఏది ఉన్నా వాయించడం ఆపి, వారం లోపు చూపించండి.

ఒక హెచ్చరిక. చెయ్యి హఠాత్తుగా పడిపోయినా, దాంతోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా అది గిటార్ వల్ల కాదు. ఆ క్షణంలోనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు. తిమ్మిరే కదా, పొద్దున్నే చూద్దాం అని పడుకోబెట్టవద్దు.

ఇక మందులు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ల అడిగి వేసుకుని వాయించే పిల్లలున్నారు. బిళ్ల నొప్పిని కప్పేస్తుంది, రాసుకునేది రాసుకుంటూనే ఉంటుంది. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు కూడా. మెటికలు విరవడం, పట్టి పట్టి నలపడం, నాటు కట్టు బిగించి కట్టడం వద్దు. వేళ్లు నీలంగా మారిన కట్టుతో వచ్చినవాళ్లను చూశాం.

ఎంతసేపు వాయించాలి అని అడుగుతారు. కష్టమైన కార్డు అయితే ఒక్కసారికి ఐదు నిమిషాలు. గడియారం పెట్టుకోండి. ఆపి, చెయ్యి వదులుగా వేలాడేసి, సులువైన పాట వాయించి, మళ్లీ ఐదు నిమిషాలు. ఇది నా సొంత మాట కాదు. 2021లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, కొత్తగా ఒక వేళ్ల కదలిక నేర్చుకునేవారి మెదడును పరిశీలించారు. పది సెకన్లు చేయించి, పది సెకన్లు విశ్రాంతి ఇచ్చారు. ఆ విశ్రాంతిలో మెదడు అదే కదలికను దాదాపు ఇరవై రెట్ల వేగంతో మళ్లీ మళ్లీ తిరగేసుకుంటోందని కనుగొన్నారు. అంతకుముందు 2002లో హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు ఇంకొకటి చూపించారు. సాయంత్రం వేళ్ల కదలిక నేర్చుకుని నిద్రపోయినవారు, మధ్యలో ఏ అభ్యాసమూ చేయకుండానే, పొద్దున్నకు సుమారు 20 శాతం వేగంగా చేయగలిగారు. కాబట్టి రాత్రి పన్నెండు దాకా కూర్చుని ఎఫ్‌తో కుస్తీ పట్టే పిల్లవాడికి మీరు “పడుకో నాన్నా” అంటే, మీరు గిటార్ పాఠం చెప్తున్నట్లే.

గట్టిగా నొక్కేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఇద్దరు మనుషుల కథలున్నాయి. మా కాలిన గాయాల వార్డులో కూడా చెప్తుంటాను. జాంగో రైన్‌హార్ట్ అని ఐరోపాలో జిప్సీ కుటుంబంలో పుట్టిన గిటార్ వాద్యకారుడు. 1928 నవంబరులో, పద్దెనిమిదేళ్ల వయసులో, వాళ్లుండే బండికి నిప్పంటుకుని ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు కాలి ముడుచుకుపోయాయి. కాలు కూడా తీసేయాలన్నారు, ఒప్పుకోలేదు. నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు తమ్ముడు కొత్త గిటార్ తెచ్చి ఇచ్చాడు. పనిచేసే రెండు వేళ్లతో స్వరాలు వాయించడం, ముడుచుకున్న వేళ్లను కార్డులకు మాత్రం ఆసరాగా వాడుకోవడం మొదటి నుంచి నేర్చుకున్నాడు. తర్వాత ఐరోపాలో పేరుమోసిన జాజ్ వాద్యకారుడయ్యాడు. ఆ తమ్ముడిని చూడండి. డాక్టర్లు చేసింది ఒకటైతే, కుటుంబం చేసింది ఇంకొకటి.

రెండో మనిషి టోనీ అయోమీ, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. 1965లో, పదిహేడేళ్లకు, రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి కుడి చేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతను ఎడమ చేతివాటం, కాబట్టి తీగలు నొక్కేది కుడి చెయ్యే. ఇక వాయించలేననుకున్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు అతనికి జాంగో రికార్డు తెచ్చి వినిపించి, వాయించేవాడు రెండు వేళ్లతో వాయిస్తున్నాడని చెప్పాడు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించాడు. సన్న తీగలు వేసుకున్నాడు. తర్వాత కాలంలో శ్రుతి తగ్గించి తీగలను వదులు చేశాడు. అతని బృందం పాటలు మన మందిరాల్లో పాడేవి కావు, ఆ సంగతి పక్కన పెడదాం. వేళ్ల మీద బలం పెంచలేక, తీగ బిగింపు తగ్గించాడు, మీ పిల్లలు చూడవలసింది అది.

మీ ఇంట్లో గిటార్‌కూ అదే చేయవచ్చు. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి, తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం కొలవండి. మూడు మిల్లీమీటర్లు దాటితే ఆ గిటార్ మీద పెద్దవాళ్లకే ఎఫ్ కష్టం. గిటార్ రిపేరు చేసే చోట ఆ ఎత్తు తగ్గిస్తారు. ఉక్కు తీగల గిటార్ అయితే సన్న తీగల సెట్టు అడిగి వేయించండి. నైలాన్ తీగల గిటార్ వేళ్లకు ఇంకా మెత్తన. అయితే ఉక్కు తీగల గిటార్‌కు నైలాన్ తీగలు వేయకండి, అవి దానికి సరిపోవు. చవకగా దొరికిందని కొన్న గిటార్ మీద నెలల తరబడి ఏడ్చిన పిల్లలు, వేరే గిటార్ మీద అదే రోజు ఎఫ్ మోగించిన సందర్భాలు చూశాను.

షుగరు ఉన్నవారు నేర్చుకుంటుంటే ఒక మాట. రిటైరయ్యాక గిటార్ మొదలుపెట్టినవారు కూడా మన మధ్య ఉన్నారు, సంతోషం. షుగరు వల్ల వేలి కొనల్లో స్పర్శ తగ్గి ఉంటే, తీగ కోసినా తెలియదు. వాయించాక ప్రతి వేలి కొననూ వెలుతురులో చూసుకోవాలి. గ్లూకోమీటరుకు రక్తం తీసేటప్పుడు తీగలు నొక్కే చేతి వేళ్లు వదిలేసి, రెండో చేతి వేళ్ల పక్క భాగంలో గుచ్చండి. చిన్న పగులే కదా అని వదిలేయకండి, రెండు రోజుల్లో మానకపోతే చూపించండి. షుగరు ఉన్నవారికి ఆ ఇరుకు దారిలో నరం నలగడం, వేలు పట్టేయడం కూడా మిగతావారికంటే ఎక్కువ.

ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పండమ్మా. తొమ్మిదేళ్ల పాప, ఎఫ్ రావడం లేదని టీచర్ తిడుతున్నారంటారా? తొమ్మిదేళ్ల చేతికి పెద్ద గిటార్ మీద పూర్తి బార్ వేయమనడం సరికాదు. చిన్న సైజు గిటార్లు దొరుకుతాయి. మూడు నాలుగు తీగల కార్డులతో ఇంకో రెండేళ్లు గడపనివ్వండి. టీచర్ గారితో గొడవ పడకండి, నర్సమ్మ చెప్పిందని చెప్పండి.

తాతగారూ, మీ మనవడికి ముంజేతిలో ప్లేటు వేశారా? ఎముక అతికిందని ఎక్స్‌రే చూసి డాక్టరు గారు చెప్పేదాకా తీగలు నొక్కకూడదు. అప్పటిదాకా కుడి చేత్తో మీటడం, తాళం పట్టడం నేర్చుకోమనండి. ఎంతోమందికి ఎడమ చెయ్యి వచ్చేసినా కుడి చెయ్యి లయ తప్పుతుంది, ఈ లోగా అది కుదురుతుంది. చెయ్యి కదిలించవచ్చని చెప్పాక మొదటి వారం ఏం చేయాలో ఫిజియోథెరపిస్టు రాసిస్తారు, ఆ కాగితం పోగొట్టకండి.

చేతి నొప్పికి మా దగ్గరకు వచ్చేవాళ్లు దయచేసి గిటార్ కూడా తీసుకురండి. చెయ్యి ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది, ఎలా కూర్చుంటారో, ఎలా పట్టుకుంటారో చూడాలి. వాడే కుర్చీ ఎత్తు, రోజుకు ఎంతసేపు వాయిస్తున్నారు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఇవి ఒక కాగితం మీద రాసుకొస్తే డాక్టరు గారికి పని సులువు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే చేతి పరీక్ష కోసమని చెప్పండి, లోపలికి పంపిస్తాడు.